అకామా ఎవరి చేతిలో ఉంది? కోరుట్ల ప్రాంతపు గల్ఫ్ వలసలో నివాస అనుమతి నిబంధనలు

తెలంగాణలోని కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల గల్ఫ్ వలసపై యాభై ఏళ్లుగా వచ్చిన కథలలో, పాత్రికేయ రచనలలో, ప్రభుత్వ నివేదికలలో అప్పులు, మరణాలు, ఏజెంట్ల మోసాలు విస్తారంగా చోటు చేసుకున్నాయి. అయితే వాటన్నిటికీ మూలంలో ఉన్న ఒక ప్రశ్నను విడిగా తీసి పరిశీలించిన సందర్భాలు తక్కువ. పరాయి దేశంలో ఏళ్ల తరబడి బతికే మనిషికి అక్కడ ఉండే హక్కు ఏ కాగితం వల్ల వస్తుంది, ఆ కాగితాన్ని ఎవరు పుట్టిస్తారు, ఎవరు పొడిగిస్తారు, ఎవరు రద్దు చేస్తారు అన్నదే ఆ ప్రశ్న. ఒక కార్మికుడు గల్ఫ్‌లో సంపాదించి తిరిగి రావడం, జైలు పాలవడం, ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడలేకపోవడం అన్నవి అతని కష్టం మీద ఎంత ఆధారపడతాయో ఈ కాగితం మీద అంతకు మించి ఆధారపడతాయి. ఈ సమీక్ష ఆ నిబంధనల స్వరూపాన్ని, అవి కాలక్రమంలో మారిన తీరును, మన దేశపు చట్టం వాటితో కలిసే చోట ఏర్పడిన సందులను పరిశీలిస్తుంది.

ఈ ప్రాంతం నుంచి వలస గల్ఫ్‌తో మొదలు కాలేదు. సిరిసిల్ల పద్మశాలీలు భివండీ, ముంబయి మగ్గాల మీదికి, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల జనం బొంబాయి కూలిపనులకు అంతకు ముందే దారి వేసుకున్నారు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో రోడ్లు, ఓడరేవులు, ఇళ్ల నిర్మాణం ఊపందుకున్నప్పుడు, మనుషుల్ని పంపే ఏజెంట్లు ఎక్కువగా బొంబాయిలోనే ఉండేవారు కనుక ఆ పాత దారే దుబాయి దారి అయింది. 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడంతో, పోలీసుల వేధింపు నుంచి బయటపడడానికి కొందరు యువకులు ఊరు విడిచారు, వారిలో గల్ఫ్ చేరినవారూ ఉన్నారు. ఆ తర్వాత ఎండిన బావులు, పడిపోయిన మగ్గం కూలీ, 2015లో మూతబడిన ముత్యంపేట చక్కెర కర్మాగారం వంటి కారణాలు తరం తరువాత తరాన్ని అదే దారి పట్టించాయి. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుడుతూ సంసారం నడపడం, మగవాళ్లు సౌదీ, దుబాయి, మస్కట్, ఖతర్, బహ్రెయిన్, కువైట్‌లలో పనిచేయడం ఈ పల్లెల ఆర్థిక జీవితానికి స్థిరమైన రూపంగా మారింది. ఇంత పాత వలసలో కూడా నివాస నిబంధనల గురించిన జ్ఞానం ఏజెంటు మాటగానో, వెళ్లి వచ్చిన బావమరిది మాటగానో మాత్రమే అందుతూ రావడం ఆలోచించవలసిన విషయం.

గల్ఫ్‌లో దీర్ఘకాలం ఉండడానికి కావలసిన అనుమతిని సాధారణంగా ‘వీసా’ అనే ఒకే మాటతో చెబుతారు గానీ, అందులో మూడు వేరువేరు అనుమతులు ఇమిడి ఉన్నాయి. మొదటిది దేశంలోకి అడుగు పెట్టనిచ్చే ప్రవేశానుమతి. రెండవది ఫలానా యజమాని దగ్గర ఫలానా పని చేయడానికి కార్మిక శాఖ ఇచ్చే పని అనుమతి. మూడవది వైద్య పరీక్ష, వేలిముద్రలు అయ్యాక వచ్చే నివాసానుమతి, దీనినే సౌదీలో ఇకామా అంటారు, మనవాళ్ల నోట అది అకామా అయింది. యూఏఈలో ఒకప్పుడు నివాసానుమతిని పాస్‌పోర్టు మీద అంటించేవారు, 2022 నుంచి ఎమిరేట్స్ గుర్తింపు కార్డే ఆ పని చేస్తోంది. దీన్ని మన కార్మికులు పతాకా అని పిలుస్తారు. ఈ మూడింటికీ గడువు ఉంటుంది. యూఏఈలో సాధారణ కార్మికుడి పని అనుమతి రెండేళ్లు, సౌదీలో ఇకామా మామూలుగా ఏడాది. 2021లో అక్కడ మూడు నెలలకొకసారి కూడా పొడిగించుకునే వీలు కల్పించారు. ఈ మూడు అనుమతులలో ఏ ఒక్కటీ కార్మికుడు తన పేరున దరఖాస్తు చేసుకుని పొందేది కాదన్నదే ఇక్కడ కీలకం. వాటిని కోరేది, రుసుము కట్టవలసింది, పొడిగించవలసింది, రద్దు చేయగలిగింది కఫీల్, అంటే కార్మికుడికి పూచీ పడిన స్థానిక యజమాని లేదా కంపెనీ.

కఫాలా అనే ఈ పూచీ పద్ధతి ఎక్కడా ఒకే చట్టంగా లేదు. సౌదీలో 1952 నాటి నివాస నిబంధనలు, కువైట్‌లో విదేశీయుల నివాసంపై 1959లో వచ్చిన అమీరీ ఉత్తర్వు, యూఏఈలో 1973 నాటి ప్రవేశ, నివాస చట్టం, వీటికి తోడు కార్మిక చట్టాలు, మంత్రిత్వ శాఖల ఆదేశాలు కలిసి ఆ పద్ధతిని నిలబెట్టాయి. స్థానిక జనాభా తక్కువగా, బయటివారు ఎక్కువగా ఉండే దేశాలలో విదేశీయుల మీద నిఘా ఉంచే బాధ్యతను రాజ్యం తన పౌరులకే అప్పగించడం దీని సారం. ఆ ఏర్పాటు వల్ల యజమానికీ పనివాడికీ మధ్య ఉండే కూలి ఒప్పందం దేశంలో ఉండే హక్కుతో పెనవేసుకుపోయింది. జీతం గురించి గొడవ పడితే ఉద్యోగంతో పాటు ఉనికి కూడా పోయే పరిస్థితి అక్కడి నుంచే వచ్చింది.

కోరుట్ల, మెట్‌పల్లి ఏజెంట్ల దగ్గర వీసాలకు వాడుకలో ఉన్న పేర్లు చట్టంలోని పేర్లు కావు, అయినా వాటిని అర్థం చేసుకోకుండా ఈ విషయం బోధపడదు. కంపెనీ వీసా అంటే ఒక సంస్థ తన పనికోసం తీసిన వీసా. జీతం తక్కువైనా వసతి, కార్డు, తిరుగు టికెట్ విషయంలో కొంత భరోసా ఉంటుంది. ఆజాద్ వీసా లేదా ఫ్రీ వీసా అనేది ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఒక స్థానికుడు తనకు అక్కర లేని పనివాడి పేరున అనుమతి తీసి అమ్ముకుంటాడు, కొన్నవాడు బయట ఎక్కడైనా పని వెతుక్కుని ఏటా ఆ కఫీల్‌కు డబ్బు ముట్టజెబుతూ కార్డు పొడిగించుకుంటాడు. సంపాదన బాగున్నంత కాలం ఇది కంపెనీ వీసా కంటే లాభంగా కనిపిస్తుంది, నిజంగానే కొందరు దీనితోనే ఇళ్లు కట్టారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. కానీ కార్డు మీద ఉన్న యజమాని దగ్గర కాక మరొకరి దగ్గర పనిచేయడం ఆ దేశపు చట్టం ప్రకారం నేరం కనుక, తనిఖీలో దొరికిన రోజున అతని కార్డు చెల్లుబాటులో ఉన్నా అతను దోషే. ఖాదిం వీసా ఇంటిపనికి ఇచ్చేది, డ్రైవరు, వంటవాడు, తోటమాలి అందులోకి వస్తారు. కువైట్‌లో దీనిని చట్టంలోని అధికరణం సంఖ్యను బట్టి ఇరవై నంబరు వీసా అని, ప్రైవేటు కంపెనీల వీసాను పద్దెనిమిది నంబరు వీసా అని అంటారు. గొర్రెలు, ఒంటెలు కాయడానికి, మజ్రాలలో అంటే ఎడారి తోటలలో పనికి వెళ్లేవారి స్థితి ఇంటిపనివారి స్థితికి దగ్గరగా ఉంటుంది. ఇక విజిట్ వీసా చుట్టపుచూపుకో, ఊరు చూడడానికో ఇచ్చే 30, 60 రోజుల అనుమతి. దానితో వెళ్లి అక్కడ పని దొరికాక మార్చుకుందామన్న ఆశ మీదే నేటి మోసాలలో చాలా భాగం నడుస్తోంది.

ఒక మనిషి గల్ఫ్‌లో చట్టవిరుద్ధ నివాసి ఎలా అవుతాడన్న దానిపై ఊళ్లో ఒక తేలిక అభిప్రాయం ఉంది. కంపెనీ విడిచి బయటికి పోయి పనిచేసుకునేవాడిని ఖల్లివల్లి అంటారు, ఆ మాటలోనే అతను కట్టుబాటు తెంచుకున్నవాడన్న నింద కొంత ధ్వనిస్తుంది. ఎక్కువ జీతం ఆశించి కంపెనీని వదిలినవారు లేకపోలేదు. కానీ ఖల్లివల్లి అయ్యే దారులను ఒక్కొక్కటిగా చూస్తే, వాటిలో ఎక్కువ భాగం కార్మికుడి చేతిలో లేనివే. కంపెనీ దివాలా తీస్తే, కఫీల్ చనిపోతే, అతను రుసుము కట్టడానికి ఇష్టపడకపోతే, ఆజాద్ వీసా అమ్మినవాడు మరింత డబ్బు అడిగి ఇవ్వలేదని అలిగితే కార్డు గడువు తీరిపోతుంది, కార్మికుడు మాత్రం ఆ రోజు కూడా నిన్నటి పనే చేస్తుంటాడు. ఆరు నెలల జీతం బాకీ పడిన కంపెనీని వదిలి కడుపు నింపుకోవడానికి బయట పనికి వెళ్తే, యజమాని అతను పారిపోయాడని ఫిర్యాదు నమోదు చేయిస్తాడు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. ఒకప్పుడు ఈ ఫిర్యాదుకు ఆధారం చూపవలసిన పని దాదాపు ఉండేది కాదు, పడిన మరుక్షణం నుంచి ఆ కార్మికుడు బదిలీకీ, ఇంటికి వెళ్లే అనుమతికీ అనర్హుడయ్యేవాడు. 2022లో సౌదీ ప్రభుత్వం దీన్ని పని నుంచి గైర్హాజరుగా మార్చి, కార్మికుడు కొత్త యజమానిని వెతుక్కోవడానికో దేశం విడవడానికో 60 రోజుల వ్యవధి ఇచ్చింది.

గడువు తీరాక పడే జరిమానాల లెక్క చూస్తే ఇంటికి తిరిగి రావడం ఎందుకు కష్టమవుతుందో తెలుస్తుంది. యూఏఈలో అనుమతి ముగిశాక ఇచ్చే మినహాయింపు రోజులు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. ఏడాదికి అది 18,250 దిర్హాములు, నెలకు 1,000 దిర్హాములు సంపాదించే కూలీకి ఏడాదిన్నర జీతం. అది కట్టనిదే విమానం ఎక్కనివ్వరు, కట్టాలంటే ఇంకా పనిచేయాలి, పనిచేసిన ప్రతి రోజూ జరిమానా పెరుగుతుంది. ఇలాంటి మనిషి పది, పన్నెండేళ్లు ఊరికి రాలేదంటే అతను ఇల్లు మరిచాడని అనుకోవడం అన్యాయం.

సౌదీ విషయంలో మరొక ఆర్థిక కోణం ఉంది. 2011లో మొదలైన నితాఖత్ పథకం కంపెనీలను వాటిలోని సౌదీ పౌరుల శాతాన్ని బట్టి రంగులుగా విభజించింది, కింది రంగులో పడ్డ కంపెనీ తన విదేశీ కార్మికుల పని అనుమతులను పొడిగించడానికి వీల్లేదు. 2018 నుంచి ప్రతి విదేశీ కార్మికుడి మీద కంపెనీ కట్టవలసిన నెలవారీ రుసుమును మూడేళ్లలో 300, 400 రియాళ్ల నుంచి 700, 800 రియాళ్లకు పెంచారు. అంటే 2020 నాటికి ఒక్కొక్క కార్మికుడి మీద ఏడాదికి 8,400 నుంచి 9,600 రియాళ్ల దాకా భారం పడింది. చట్టం ప్రకారం అది యజమానిదే. కానీ చిన్న గుత్తేదారులు ఆ భారం మోయలేక కార్డులు పొడిగించడం మానేశారు, కొందరు జీతంలో కోసుకున్నారు, ఆజాద్ వీసాలవాళ్లయితే మొత్తం తామే కట్టుకోవలసి వచ్చింది. కుటుంబాన్ని తెచ్చుకున్నవారి మీద 2017 జూలై నుంచి తలకు నెలకు 100 రియాళ్లతో మొదలుపెట్టి 2020 నాటికి 400 రియాళ్ల దాకా రుసుము విధించడంతో, కాస్త మెరుగైన ఉద్యోగాలలో ఉన్న తెలుగువారు కూడా భార్యాపిల్లలను ఇంటికి పంపేశారు.

నిబంధనలు ఇలా అక్రమ నివాసులను తయారుచేస్తూ ఉండగా, ఆ దేశాలే కొన్నేళ్లకొకసారి ఆమ్నెస్టీ, అంటే జరిమానా, జైలు లేకుండా వెళ్లిపోయే క్షమాభిక్ష గడువు ప్రకటిస్తూ వచ్చాయి. యూఏఈలో 1996, 2003, 2007 సంవత్సరాలలోను, 2012 డిసెంబరు నుంచి రెండు నెలలపాటు, 2018 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇలాంటి గడువులు వచ్చాయి. సౌదీ 2013 ఏప్రిల్ నుంచి నవంబరు మొదటి వారం దాకా స్థితి సరిదిద్దుకునే అవకాశం ఇచ్చింది, 2017 మార్చి చివర మరో 90 రోజుల కార్యక్రమం మొదలుపెట్టింది. కువైట్‌లో 2018లో, 2020 ఏప్రిల్‌లో, 2024 మార్చి నుంచి జూన్ దాకా ఈ అవకాశం వచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయినవారికి భారత రాయబార కార్యాలయం ఒక్కసారి ప్రయాణానికి పనికివచ్చే అత్యవసర పత్రం ఇస్తుంది, దీనినే మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. ఈ గడువులు వేలమందిని ఇంటికి చేర్చాయి, ఆ మేరకు వాటి మేలు కాదనలేనిది. అయితే ఐదారేళ్లకొకసారి తప్పనిసరిగా క్షమించవలసి వస్తోందంటే, తప్పు విడివిడి మనుషులలో కాక నిబంధనలలోనే ఉన్నదని అర్థం. పైగా క్షమాభిక్ష వర్తించేది నివాస నేరానికే, రాకుండా పోయిన జీతానికీ, సర్వీసు డబ్బుకూ అది ఏ దారీ చూపదు. ఔట్‌పాస్ మీద వచ్చినవాడు అప్పుతో వెళ్లి అప్పుతోనే దిగుతాడు. 2018, 2024 గడువులలో యూఏఈ ప్రభుత్వం వెళ్లిపోదలచుకోనివారికి కొత్త పని వెతుక్కుని స్థితి సరిచేసుకునే వీలు కూడా కల్పించడం మాత్రం మునుపటికంటే న్యాయమైన పద్ధతి.

గత పదేళ్లలో వచ్చిన సంస్కరణలను తక్కువ చేయడం సరికాదు. ఖతర్ 2022 ప్రపంచ కప్ పుణ్యమా అని ప్రపంచ దృష్టి మీద పడడంతో 2018లో చాలామంది కార్మికులకు, తర్వాత మిగిలినవారికి దేశం విడవడానికి యజమాని అనుమతి అక్కర లేకుండా చేసింది. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవలసిన నియమాన్ని ఎత్తేసింది. రెండేళ్లలోపు పనిచేసినవారు ఒక నెల, అంతకు మించినవారు రెండు నెలల ముందు తెలిపితే చాలు. ఒమన్‌లో ఇలాంటి పత్రం లేకుండా వెళ్లినవారిని రెండేళ్లదాకా మళ్లీ రానిచ్చేవారు కాదు. మస్కట్ దారి పట్టే జగిత్యాల పల్లెలను ఎంతో ఇబ్బంది పెట్టిన ఆ నియమం 2021 జనవరి 1న పోయింది. సౌదీలో 2021 మార్చి 14 నుంచి, ఏడాది పనిచేసిన కార్మికుడు యజమాని సమ్మతి లేకుండా ఉద్యోగం మారవచ్చు. వరుసగా మూడు నెలలు జీతం రాకపోయినా, అకామా గడువు తీరినా ఆ ఏడాది నిండకుండానే మారవచ్చు. యూఏఈలో 2022 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం నియామకపు ఖర్చును పనివాడి నుంచి వసూలు చేయడాన్నీ, పాస్‌పోర్టు ఉంచుకోవడాన్నీ నిషేధించింది. బహ్రెయిన్ 2017లో కార్మికుడే తనకు తాను పూచీదారు అయ్యే అనుమతిని ప్రవేశపెట్టి 2022లో దాన్ని ఉపసంహరించింది. ఆ అనుమతి ఖర్చంతా కార్మికుడి మీదే పడ్డా, నివాసాన్ని యజమాని నుంచి విడదీసిన ప్రయత్నంగా అది గుర్తుంచుకోదగింది.

ఈ సంస్కరణలలో రెండు లోపాలు మిగిలాయి. మొదటిది, సౌదీ సంస్కరణ ఇంటిపనివారిని, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను, వ్యవసాయ కూలీలను పక్కన పెట్టింది. ఎడారిలో ఒంటరిగా ఒకే యజమాని కింద ఉండే ఈ మనుషులకే రక్షణ అందరికంటే ఎక్కువ అవసరం. వారికి వేరే నియమావళులు ఉన్నా అవి బదిలీ విషయంలో బలహీనమైనవి. కువైట్ 2024 జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలపాటు ఇరవై నంబరు వీసాను పద్దెనిమిదికి మార్చుకోనిచ్చింది, అదీ యజమాని ఒప్పుకుంటేనే. రెండవ లోపం మరింత లోతైనది. ఉద్యోగం మారే హక్కు వచ్చినా కార్డు పుట్టించే, పొడిగించే అధికారం ఇప్పటికీ యజమాని దగ్గరే ఉంది. మారవచ్చునన్న సంగతి తెలిసి, ఫోనులోని ప్రభుత్వ యాప్‌లో అరబీలోనో ఇంగ్లీషులోనో వివరాలు నింపగలిగి, కొత్త యజమానిని ముందే చూసుకోగలిగినవాడికే ఆ హక్కు పనికివస్తుంది. 2016లో యూఏఈ ఉద్యోగ ప్రతిపాదన పత్రాన్ని కార్మికుడికి అర్థమయ్యే భాషలో చూపాలని నియమం పెట్టినప్పుడు ఎంచిన భాషలలో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. లక్షలాది తెలుగువారు పనిచేసే దేశంలో ఈ లోటును సరిచేయించడానికి రెండు తెలుగు రాష్ట్రాలూ గట్టిగా పట్టుబట్టవలసింది.

అసలు మోసానికి తొలి తలుపు మాత్రం ఇక్కడే, మన చట్టంలోనే ఉంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవారు కేంద్రం దగ్గర నమోదు కావాలి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అన్న ముద్ర, అంటే వలస అనుమతి అవసరమన్న గుర్తు ఉంటుంది, వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస రక్షకుల కార్యాలయం ఒప్పందాన్ని చూసి అనుమతించాలి. అప్పుడే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 275 రూపాయలకు రెండేళ్లు, 375 రూపాయలకు మూడేళ్లు, 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వర్తిస్తుంది. ఇదంతా మంచి ఏర్పాటే. కానీ ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మనిషి పనికి కాక విజిట్ వీసా మీద వెళ్తున్నానంటే ఈ అనుమతి అక్కర లేదు. ఆ ఒక్క వెసులుబాటు ద్వారానే ఏజెంట్లు ఒప్పందం లేని, బీమా లేని, లెక్కలో లేని మనుషుల్ని విమానం ఎక్కిస్తున్నారు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండాలన్న నియమం వారి రక్షణ కోసమే పెట్టినా, దాన్ని దాటడానికి కూడా ఇదే విజిట్ దారిని వాడుతున్నారు. దుబాయిలో దిగాక అక్కడి నుంచి మస్కట్‌కో మరో దేశానికో తరలించిన మహిళల ఉదంతాలు పత్రికలలో తరచూ వస్తూనే ఉన్నాయి. నమోదు కాని ఏజెంటుకు 1983 చట్టం వేసే గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, రెండు వేల రూపాయల జరిమానా. నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. కోరుట్లలో ఒక వీసాకు నడిచే ధర దీనికి ఎన్ని రెట్లు ఉంటుందో ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్రం 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు ప్రజల ముందు పెట్టింది. నలభై ఏళ్ల కింద సరిపోయిన రెండు వేల జరిమానా నేటి వీసా వ్యాపారిని భయపెట్టదన్న సంగతి అందరూ ఒప్పుకునేదే.

బయలుదేరే ముందు జరిగే వైద్య పరీక్ష గురించి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు గామ్కా అని, ఇప్పుడు వాఫిద్ అని పిలిచే ఏర్పాటు కింద గుర్తింపు పొందిన కేంద్రాలలోనే పరీక్ష చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రేలో మానిపోయిన క్షయ మచ్చ కనిపించినా అనర్హుడిగా తేల్చే అవకాశం ఉంది. అక్కడ దిగాక నివాసానుమతి ముందు మళ్లీ పరీక్ష జరుగుతుంది, అందులో తప్పితే వచ్చిన దారినే పంపేస్తారు. కాబట్టి అప్పు చేసి వీసా కొనకముందే సర్కారు ఆసుపత్రిలో ఒక ఎక్స్‌రే తీయించుకోవడం ఎంతో నష్టాన్ని తప్పిస్తుంది.

ఎన్నేళ్లు ఉన్నా శాశ్వత నివాసం రాకపోవడం గల్ఫ్ వలసను అమెరికా వలస నుంచి వేరుచేసే లక్షణం. యూఏఈ 2019లో మొదలుపెట్టిన గోల్డెన్ వీసా పెట్టుబడిదారులకు, నిపుణులకు ఉద్దేశించినది, రాయి కొట్టేవాడికి అది అందదు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి యూఏఈలో 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హాముల నెల జీతం ఉండాలి. కువైట్‌లో 2024లో ఆ మెట్టును 800 దినార్లకు పెంచారు. ఇరవై అయిదేళ్లకు వెళ్లినవాడు రెండేళ్లకొకసారి నెలో రెండు నెలలో ఇంటికి వచ్చిపోతూ అరవై ఏళ్లకు చేరుకోవడం ఈ నిబంధనల ఫలితం. అరవై ఏళ్లు దాటిన, డిగ్రీ లేని కార్మికుల పని అనుమతులను పొడిగించరాదని 2020లో కువైట్ కార్మిక సంస్థ నిర్ణయించడం, 2021 నుంచి అది అమలు కావడం, తర్వాత భారీ రుసుముతో, బీమాతో పొడిగింపుకు ఒప్పుకోవడం ముప్పై ఏళ్లు అక్కడే గడిపినవారిని ఒక్కసారిగా అభద్రతలో పడేశాయి. దేశం బయట ఆరు నెలలు దాటి ఉంటే నివాసానుమతి రద్దయ్యే నియమం యూఏఈలోను, కువైట్‌లోను ఉంది. 2020లో కరోనా వల్ల సెలవు మీద వచ్చి ఇరుక్కుపోయినవారికి ఆ నియమం ఎంత ప్రాణాంతకమో అప్పుడు తెలిసింది. ప్రభుత్వాలు కొన్ని మినహాయింపులు ఇచ్చినా, యజమాని పూనుకోని చోట ఎందరో కార్డులు పోగొట్టుకున్నారు.

సహాయానికి ఉన్న వ్యవస్థలను కూడా న్యాయంగా అంచనా వేయాలి. భారత రాయబార కార్యాలయాలలో 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి నుంచి టికెట్‌కు, తాత్కాలిక ఆశ్రయానికి, న్యాయ సహాయానికి, శవాన్ని ఇంటికి చేర్చడానికి ఖర్చు చేయవచ్చు. 2015లో మొదలైన మదద్ ఆన్‌లైన్ వేదికలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తెలంగాణ ప్రభుత్వం విదేశీ నియామకాల కోసం టామ్‌కామ్ అనే సంస్థను నడుపుతోంది, 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్నీ, హైదరాబాద్‌లోని ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి అనే ఫిర్యాదుల విభాగాన్నీ ప్రారంభించింది. ఇవన్నీ అవసరమైనవే, ఆలస్యంగా వచ్చినా ఆహ్వానించదగినవే. కానీ వీటిలో దాదాపు ప్రతిదీ కష్టం వచ్చాక పనికివచ్చేది. మనిషి కోరుట్ల బస్టాండులో బ్యాగుతో నిలబడకముందు, అప్పు పత్రం మీద వేలిముద్ర పడకముందు అతని వీసా ఏ రకానిదో, పూచీదారు ఎవరో, ఏజెంటు నమోదు సంఖ్య నిజమో కాదో చూసి చెప్పే మనిషి మండల స్థాయిలో లేడు. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ ఆన్‌లైన్ వేదికలో ఏజెంటు నమోదును ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు, పని ఒప్పందంలో యజమాని పేరు, పని పేరు, జీతం చూడవచ్చు. చూడవలసిందని చెప్పేవారే కరువు.

రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పనులలో అన్నిటికంటే చౌకైనదీ, అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు నిలిపేదీ ఈ ముందస్తు పరిశీలనే. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, కథలాపూర్, సిరిసిల్ల, వేములవాడ, కోనరావుపేట వంటి మండలాలలో వీసాను, ఒప్పందాన్ని సరిచూసి తెలుగులో రాతపూర్వకంగా వివరించే ఉచిత కేంద్రాలు తెరవాలి, వాటిలో గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వచ్చినవారినే నియమించాలి. గల్ఫ్ దేశాల ఉద్యోగ పత్రాలలో తెలుగును చేర్చవలసిందిగా కేంద్రం ద్వారా కోరాలి. అంతవరకూ వెళ్లబోయే ప్రతి ఒక్కరూ, వారి ఇంటివారూ రెండు జాగ్రత్తలు తప్పక తీసుకోవాలి. విజిట్ వీసా మీద పని ఉందని చెప్పే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు ఇచ్చిన రసీదు, ఈ నాలుగింటి నకళ్లు ఇంట్లో భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉంచి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ పాస్‌పోర్టు పోయినా, యజమాని ఉంచుకున్నా రాయబార కార్యాలయం మొదట అడిగేది వాటినే.